ముసలి బ్యాటరీతో వరంగల్ ప్రయాణం

నా ఫోన్‌కు ఐదేళ్లు. ఫోన్ల లెక్కలో అది పింఛను తీసుకునే వయసు. వేలితో నొక్కితే కాసేపు ఆలోచించి, మనసొప్పితే తెరుచుకుంటుంది. మా ఆవిడ సుజాత నేసిన జంపఖానాల డిజైన్లన్నీ అందులోనే ఫోటోలుగా ఉన్నాయి. నేసినవి ఎప్పటికప్పుడు అమ్ముడుపోతాయి, మళ్లీ నేయాలంటే ఆ ఫోటోలే దిక్కు. ఫోన్ పూర్తిగా మూలన పడకముందే బ్యాటరీ మార్పిద్దామని వరంగల్ బయల్దేరాను.

నెక్కొండలో ఉదయం ఎనిమిదీ పదికి ప్యాసింజర్. టికెట్ పది రూపాయలు. ఎదుటి సీట్లో మిరపకాయల సంచితో కూర్చున్న పెద్దమనిషి ఫోన్‌తో నా అవస్థ చూసి, "ఫోటోలు ఎక్కువైనట్టున్నయి తమ్మీ. జర ఖాళీ చెయ్, ఉరుకుతది" అన్నాడు.

ఉచిత సలహా కదా, వెంటనే పాటించాను. ముందు ఫోటోలన్నీ ఎంచుకుని, తర్వాత సుజాతవి మినహాయించి, మిగిలిన గుడ్ మార్నింగ్ పూలన్నీ తీసేద్దామనుకున్నాను. తెర కదల్లేదు. విసుగొచ్చి నాలుగైదుసార్లు టకటకా నొక్కాను. ఆ నొక్కుళ్లన్నీ ఒకేసారి అందుకుని, ఫోన్ మొత్తం ఫోటోలను తుడిచేయడానికి పూనుకుంది. గుండ్రం తిరుగుతూనే ఉంది. చార్జింగ్ ముప్పై ఒక్క శాతం అని చూపిస్తూనే ఆరిపోయింది.

"ఇగ తేలికైనట్టే" అన్నాడు పెద్దమనిషి.

తొమ్మిదికి వరంగల్‌లో దిగాను. స్టేషన్ దగ్గర ఇడ్లీ ముప్పై రూపాయలు, కొని ప్లేటులోనే వదిలేశాను. పదింటికి రిపేర్ షాపు తెరిచారు. షాపు నడిపే రజిత నా కథంతా విని, ఫోన్ వెనక మూత ఊడదీసి, ఉబ్బిన బ్యాటరీ చూపించింది.

"ఫోటోలు పాపం ఏం జేసినయ్ అన్నా? బ్యాటరీల దమ్ము లేదు. నడుమల బందైతనేమో అని ఫోనే మెల్లగ నడుస్తాంది."

"పోయిన ఫోటోలు మళ్ల వస్తయా?"

"దీంట్ల పోతే పోయినట్టే."

కొత్త బ్యాటరీకి పన్నెండు వందలు. గంటసేపు స్టూలు మీద కూర్చుని, సుజాతకు చెప్పడానికి మూడు కథలు అల్లాను. మూడింట్లోనూ తప్పు మిరపకాయల పెద్దమనిషిదే.

ఫోన్ వెలిగింది. భయపడుతూ తెరిచాను. నెమళ్ల అంచులు, ఎర్ర గళ్లు, తామరపూలు, అన్నీ ఉన్నాయి. గుడ్ మార్నింగ్‌లు కూడా.

"తుడిచేలోపే పానం ఇడిసింది అన్నా. ఒక్కటి గూడ పోలె" అని రజిత నవ్వింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంట బండిలో తిరుగు ప్రయాణం. ఈ పనిమీద వచ్చేవాళ్లకు నా సలహా: ముందు ఫోటోలను ఇంకోచోట దాచుకుని, ఆ తర్వాతే రైలెక్కండి. చార్జింగ్ శాతాన్నీ, రైల్లో దొరికే సలహాలనూ నమ్మకండి. నేను రోజూ తిట్టిన ఆ ఫోన్ బద్ధకమే మా ఇంటి డిజైన్లను కాపాడింది. ఇప్పుడు ఫోన్ చెప్పిన మాట చెప్పినట్టు వెంటనే వింటోంది. అందుకే నెక్కొండ వచ్చేదాకా దాన్ని జేబులోంచి తీయలేదు.