పల్లావరం నుంచి పార్కు దాకా

1986 సెప్టెంబరులో నన్ను ఆరు నెలల శిక్షణకు మద్రాసు పంపారు. అప్పటికి నేను అమలాపురంలో ప్రభుత్వాసుపత్రి స్టాఫ్ నర్సుని. స్టాఫ్ నర్సు, ఆపైన హెడ్ నర్సు, ఆపైన నర్సింగ్ సూపరింటెండెంటు, ఇవీ మా ఉద్యోగంలో మెట్లు. క్యాన్సరు రోగులకు కిరణ చికిత్స జరిగే రోజుల్లో చెయ్యవలసిన సేవ గురించి తెలిసిన నర్సు మా ఆస్పత్రిలో ఎవరూ లేరు. కోర్సు పూర్తిచేసి వస్తే హెడ్ నర్సు పదోన్నతికి నా పేరు పరిశీలిస్తామన్నారు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు. చదువుకోసం కాకినాడ వెళ్ళి ఉన్నానే గాని, అంతకంటే పెద్ద ఊళ్ళో ఎప్పుడూ ఉండలేదు.

మద్రాసులో నాకు క్రోంపేటలోని ఒక మహిళా హాస్టల్లో గది దొరికింది. శిక్షణ ఇచ్చే ఆస్పత్రి పార్కు స్టేషనుకి దగ్గర. మధ్యలో ఎలక్ట్రిక్ రైలు. మొదటివారం రోజూ పొద్దున్నే టికెట్టు కిటికీ ముందు నిలబడేదాన్ని. నా వంతు వచ్చేలోపల రెండు బళ్ళు వెళ్ళిపోయేవి. హాస్టలు వార్డెను అది చూసి సీజన్ టికెట్టు తీసుకోమని చెప్పారు. స్టేషనులో ఫోటో ఇస్తే ఒక గుర్తింపు కార్డు తయారుచేసి ఇస్తారు. దానితోపాటు నెలకి సరిపడా రుసుము ముందే కట్టించుకుని చిన్న అట్టముక్క ఇస్తారు. దాని మీద ఎక్కే స్టేషను, దిగే స్టేషను, చెల్లే తేదీ ఉంటాయి. ఆ రెండు స్టేషన్ల మధ్య నెల తిరిగేదాకా ఎన్నిసార్లయినా తిరగవచ్చు. నా ఉద్యోగ జీవితంలో ఒక ముఖ్యమైన పాఠం ఆ అట్టముక్క మూలంగా వచ్చింది కనక ఇంత వివరంగా చెబుతున్నాను.

శిక్షణలో నన్ను మొదట కిరణాలిచ్చే కోబాల్టు యంత్రం విభాగంలో వేశారు. కిరణ చికిత్సను మావైపు జనం ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. మొత్తం మోతాదు ఒక్కసారి ఇస్తే శరీరం తట్టుకోదు. అందుకని రోజుకి కొంచెం చొప్పున, ఆదివారం తప్ప రోజూ, కొన్ని వారాలపాటు ఇస్తారు. కిరణం పడవలసిన చోట చర్మం మీద ఊదారంగు సిరాతో గీతలు గీస్తారు. ఆ గీతలు చెరగకూడదు, అక్కడ నీళ్ళు తగలకూడదు, మధ్యలో రోజులు తప్పకూడదు. రోగులకు ఈ మూడూ చెప్పి పాటింపజేయడమే అక్కడ నర్సు ముఖ్యమైన పని.

అక్టోబరులో ఒకరోజు ఆ విభాగం వరండాలో వెళుతుంటే, “ఆయ్, అలాగేనండి” అన్న మాట వినిపించింది. చుట్టూ అరవం మోగుతున్న చోట ‘ఆయ్’ అన్నవాళ్ళు మా గోదావరి మనుషులే అయివుంటారు. తిరిగి చూశాను. మడిచీర కట్టుకున్న అరవయ్యేళ్ళ ఆవిడ, పక్కన ముప్పయ్యేళ్ళ మనిషి. ఆవిడది మురమళ్ళ దగ్గర అగ్రహారం. భర్త సోమయాజిగారు, యజ్ఞం చేసినవారు. అలాంటివారి భార్యను మా ప్రాంతంలో సోమిదేవమ్మగారు అనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. ఎడమ దవడ లోపల పుండు లేచిందని కాకినాడ డాక్టర్లు ఇక్కడికి పంపారు. సోమయాజిగారు పొద్దునా సాయంత్రం ఇంట్లో అగ్నిహోత్రం చెయ్యాలి. అందుచేత ఊరు దాటి రాత్రి ఉండరు. ఆవిడ పల్లావరంలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు కామేశం ఇంట్లో దిగారు. పక్కనున్న మనిషి అతనే.

పుండు తొలిదశలోనే ఉంది. కిరణ చికిత్స పూర్తిగా జరిగితే నయమయ్యే అవకాశం బాగా ఉందని పెద్ద డాక్టరుగారు అన్నారు. అయితే వారం తిరక్కుండానే రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, ఆవిడ రైల్లో అందరూ తగిలారని ఇంటికి వెళ్ళగానే రోజూ తలస్నానం చేస్తున్నారు. దవడ మీద గీతలు చెరిగిపోతున్నాయి. యంత్రం నడిపే రేడియోగ్రాఫరు మళ్ళీ కొలతలు తీసి గీయవలసి వచ్చి కేకలేశాడు. రెండోది, కామేశానికి సెలవులు అయిపోయాయి. అతని భార్య పచ్చి బాలెంతరాలు, ఇల్లు కదలలేదు.

“ఇంటికి పంపించేస్తానండి. మా అత్తయ్య కూడా అదే అంటున్నారు,” అన్నాడు కామేశం, నన్ను పక్కకు పిలిచి.

మధ్యలో మానేస్తే అసలు మొదలుపెట్టకపోవడం కంటే నష్టమని అతనికి చెప్పాను. నేను ఎక్కే స్టేషను తర్వాతదే పల్లావరం. రోజూ పొద్దున్న ఆడవాళ్ళ పెట్టె దగ్గర ఆవిణ్ణి నిలబెడితే చాలు, తీసుకువెళ్ళి తీసుకొస్తానన్నాను. అతను ఒప్పుకున్నాడు. స్నానం సంగతి మాత్రం ఆవిడతోనే మాట్లాడాలి.

“సోమిదేవమ్మగారండీ, గీతల మీద నీళ్ళు పడితే కరెంటు వేరేచోట తగుల్తుందండి. మెడ దిగువనించి పోసుకోండి,” అన్నాను.

“జబ్బు మనిషికి నీళ్ళక్కర్లేని మంత్రస్నానం చెప్పేరమ్మా శాస్త్రంలో. అది చేసుకుంటాన్లే. ఆ కుర్రాడిచేత మాత్రం రోజూ తిట్లు తినలేను,” అన్నారు.

సీజన్ టికెట్టుకి ఫోటో కావాలి. ఆవిడ అంతవరకు ఎప్పుడూ ఫోటో దిగలేదట. పల్లావరం స్టేషను బయట స్టూడియోలో కూర్చోబెడితే, దవడ మీద గీతలు ఫోటోలో పడకూడదని మొహం పక్కకి తిప్పారు. ఫోటోగ్రాఫరు ఎదురుగా చూడమంటాడు, ఆవిడ చూడరు. చివరికి చీరచెంగు దవడదాకా లాక్కుని దిగారు. టికెట్టు చేతికిచ్చాక అటూ ఇటూ తిప్పి చూసి, “నెల్లాళ్ళకీ ఇదొక్కటేనా?” అని అడిగారు. అవునన్నాను. దాన్ని గుడ్డసంచీలో పెట్టి, సంచీ బొడ్లో దోపుకున్నారు.

అలా మా ప్రయాణాలు మొదలయ్యాయి. నేనిచ్చిన మంచినీళ్ళు ఆవిడ పుచ్చుకునేవారు కాదు. నేనూ బలవంతపెట్టలేదు. సీటు దొరికితే మాత్రం జరిగి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. కొన్నాళ్ళకి ఆవిడ స్టేషను పేర్లు పైకి చదవడం విని ఆశ్చర్యపోయాను. బోర్డుల మీద అరవం, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. చిన్నప్పుడు తండ్రిగారు స్తోత్రాల పుస్తకాలు చదివించడంతో ఆవిడకు నాగరి లిపి వచ్చు. “సైదాపేట. మాంబళం. కోడంబాకం,” అంటూ కిటికీలోంచి చదువుతూ వచ్చేవారు. మొదటి టికెట్టు గడువు తీరితే రెండోది ఆవిడే కిటికీ దగ్గర నిలబడి తీసుకున్నారు.

నవంబరు చివర నా ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. పొద్దున్న ఏడు గంటల డ్యూటీ వేశారు. చీకటితోనే బయల్దేరాలి. కోబాల్టు గది తెరిచేది తొమ్మిదికి. అంత ముందు ఆవిణ్ణి తీసుకురాలేను. చికిత్సలో ఇంకా రెండు వారాలు మిగిలి ఉంది. ఆవిడే అన్నారు, “నువ్వు దూరంగా కూర్చో. నేను నడుస్తాను, చూడు,” అని. డ్యూటీ మారేలోపల రెండు రోజులు అలాగే చేశాం. ఆవిడ ఎక్కి, చదువుకుంటూ వచ్చి, పార్కులో దిగి, వంతెన ఎక్కి, ఆస్పత్రికి నడిచారు. నేను వెనకాల ఉన్నాను గాని ఒక్క మాటా అందించలేదు.

ఒంటరిగా వచ్చిన మొదటి రెండు రోజులూ ఇబ్బంది లేకుండా గడిచాయి. ఆ తర్వాతి రోజు పది దాటాక వార్డు నుంచి వీలుచేసుకుని కిందికి వస్తే బెంచీ మీద ఆవిడ లేరు. వంతు దాటిపోయిందని రేడియోగ్రాఫరు చెప్పాడు. ఆవిణ్ణి చివర్లో వేసుకోమని బతిమాలాను. పన్నెండింటిదాకా చూస్తానన్నాడు. పైన వార్డులో పరీక్షాధికారి ఉన్నారు, నేను వదిలి వెళ్ళకూడదు. రోగికి కట్టు కడుతుంటే చేతులు పని చేస్తున్నాయే గాని మనసంతా స్టేషనులోనే ఉంది. ఆ ఊళ్ళో ఆవిణ్ణి ఒంటరిగా వదిలింది నేను. కామేశానికి ఏం చెప్పాలి, మురమళ్ళలో ఆ పెద్దాయనకి ఏం చెప్పాలి అని ఒకటే ఆలోచన.

మళ్ళీ కిందికి వచ్చేసరికి సోమిదేవమ్మగారు బెంచీ చివర కూర్చుని ఉన్నారు. లోపల ఆఖరి రోగికి చికిత్స నడుస్తోంది.

“ఏమైందండీ?” అన్నాను.

“ఏం లేదమ్మా. అక్షరాలకి తారు పూసేసేరు.”

ఆ రోజుల్లో అక్కడ హిందీకి వ్యతిరేకంగా ఆందోళన జరుగుతోంది. బోర్డుల మీద హిందీ అక్షరాలకు తారు పూశారు. పొద్దున చీకట్లో వచ్చిన నేను గమనించలేదు.

“పల్లావరంలో బానే ఉంది. గిండీ దాటేక చూస్తే నడిమి వరస నల్లగా ఉంది. ఆ తరవాతా అంతే. పెద్ద స్టేషనొచ్చింది, జనం అంతా దిగేరు. ఇదే గామోసని నేనూ దిగేను. తీరా చూస్తే మన వంతెన లేదు.”

అది ఎగ్మూరు. పార్కుకి ముందు స్టేషను. గేటు దగ్గర టికెట్ కలెక్టరుకి ఆవిడ టికెట్టు చూపించారు. అతనికి కొంచెం తెలుగు వచ్చు. పార్కు ఇంకో స్టేషను ఉందని చెప్పాడు.

“దిగిపోయేను గదా, టిక్కెట్టు చెల్లిపోయిందేమో, మళ్ళీ కొనాలా అండీ అని అడిగేను. అక్కర్లేదమ్మా, ఈ మధ్యలో ఎక్కడ దిగినా, ఎక్కడ ఎక్కినా ఇదే అన్నాడు. అటెళ్ళే బండికీ ఇదే, ఇటొచ్చే బండికీ ఇదేట. ఇంటివైపు బండి ముందొచ్చిందమ్మా. ఆడవాళ్ళ పెట్టె సరిగ్గా నా ఎదురుగా ఆగింది. ఖాళీగా ఉంది. ఇవాళ్టికి వెళ్ళిపోదాం అనిపించింది. నాలుగడుగులు వేసేను కూడాను.”

“మరి?”

“ఇవాళ మానేస్తే రేపూ మానేస్తాను. నా సంగతి నాకు తెలుసు. వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. తరవాత ఇటువైపు బండొచ్చింది. నిలబడ్డానికి చోటు లేదు. అందులోనే ఎక్కేను.”

రేడియోగ్రాఫరు ఆవిడ పేరు పిలిచాడు. పేరు అరవయాసలో మారిపోయింది గాని ఆవిడకు అలవాటైపోయింది. లేచి, చెంగు సర్దుకుని లోపలికి వెళ్ళారు. నేను పైకి వెళ్ళి మిగిలిన కట్లు కట్టాను. ఆ పరీక్ష మంచి మార్కులతోనే పాసయ్యాను.

ఆ తర్వాత ఆవిడ ఒక్కరోజూ తప్పలేదు. మర్నాటినుంచి అక్షరాలు వెతకడం మానేశారు. కోడంబాకం దగ్గర కనిపించే సినిమా బొమ్మలూ, ఎగ్మూరు ఎర్రటి గోడలూ చూసుకుని వచ్చేవారు. చికిత్స పూర్తయ్యేసరికి టికెట్టు గడువు ఇంకా కొద్దిరోజులుంది. “చెల్లే టిక్కెట్టు ఉండగా ఇంట్లో కూచోడం ఎందుకమ్మా?” అని ఆదివారం నన్ను మాంబళం తీసుకువెళ్ళారు. తీసుకువెళ్ళింది ఆవిడే. సోమయాజిగారికి మడికి పట్టుపంచె బేరమాడి కొన్నారు. నేను తోడు నడిచాను.

మార్చిలో నేను అమలాపురం తిరిగి వచ్చాను. హెడ్ నర్సు ఉత్తర్వులు మరికొన్నాళ్ళకి వచ్చాయి. ఒక మధ్యాహ్నం సోమయాజిగారు ఆస్పత్రికి వచ్చి నన్ను అడిగి తెలుసుకుని కలిశారు. పొద్దుటి హోమానికీ సాయంత్రం హోమానికీ మధ్య బస్సులో వచ్చి వెళ్ళడానికి వీలవుతుందన్నారు. ఆవిడ ఎలా ఉన్నారని అడిగాను.

“పుండు మానిందండి. అన్నం బాగానే తింటోంది. పరీక్షకి కాకినాడ వెళ్తే పక్కన నేనొస్తానన్నా ఒప్పుకోటం లేదండి. ఒక్కర్తే బస్సెక్కేస్తోంది,” అన్నారు. ఫిర్యాదులా చెప్పారు గాని మొహంలో నవ్వుంది. ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం మా ఆస్పత్రినుంచి కాకినాడకో విశాఖపట్నానికో మద్రాసుకో పంపించిన రోగులు ఎందరో ఉన్నారు. డాక్టరుగారు సిఫారసు కాగితం రాసిచ్చాక రోగి నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. మందుల సంగతి చెప్పాక, అక్కడ ఎవరింట్లో ఉంటారు, ఆస్పత్రికి రోజూ ఎలా వెళతారు, ఆ బస్సుకో రైలుకో నెలపాసు దొరుకుతుందా, దారి తప్పితే ఎవర్ని అడుగుతారు అని అడిగేదాన్ని. తెలియదంటే, తెలిసినవాళ్ళని పిలిచి చెప్పించేదాన్ని. దీర్ఘ చికిత్స మధ్యలో మానేసి వచ్చినవాళ్ళను తర్వాత విచారిస్తే, రోజూ వెళ్ళిరావడం కుదరక మానేశామనేవారు చాలామంది. ప్రయాణం ఏర్పాటు చేయడం నర్సింగు పాఠాల్లో లేదు. అదీ నర్సు పనేనని నేను మద్రాసులో నేర్చుకున్నాను. నా దగ్గర పనిచేసిన నర్సులకు కూడా అలాగే నేర్పాను.