ఎర్ర చీటీ తీసిన వదినగారు

మొన్న బందరులో బ్యాంకుకు వెళ్తే ఇంకా కౌంటర్లు తెరవలేదు; లోపల ఉద్యోగులంతా గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఏదో చెబుతున్నారు. నా పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దాయన, వీళ్ళ కబుర్లు ఎప్పటికి తెములుతాయో అని విసుక్కున్నారు గానీ, నాకు మాత్రం వాళ్ళని చూడగానే పాత భయం పట్టుకుంది. ఉద్యోగం విరమించి ఇన్నేళ్ళయినా, ఇప్పుడు నన్ను సంజాయిషీ అడిగేవాళ్ళెవరూ లేకపోయినా, అది ఇంకా పోలేదు. నాలాగా ఫైలు చేతపట్టుకుని పెద్దవాళ్ళ గది బయట నిలబడి ఉద్యోగం నేర్చుకున్నవాళ్ళకి ఇది అర్థమవుతుంది.

నేను చేసింది రొయ్యపిల్లల కంపెనీలో. మంగినపూడి దగ్గర రొయ్యగుడ్లు పొదిగించే హేచరీ, బందరులో హెడ్డాఫీసు, గుడివాడలో మేత గోడౌను, కోడూరులో నర్సరీ షెడ్డు. ఆ షెడ్డుకి నేను ఇన్‌ఛార్జిని. హేచరీ నుంచి వచ్చిన, కంటికి ఆనని పిల్లని కొన్నాళ్ళు ట్యాంకుల్లో పెంచి దివిసీమ రైతుల చెరువులకి ఇవ్వడం మా పని. ట్యాంకుల్లోకి గాలి కొట్టే మోటార్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి, ఆగితే పిల్లకి ఊపిరి ఉండదు. యజమానిని అందరం మావయ్యగారనేవాళ్ళం. బందరు ఆఫీసు నుంచి మాకు పిల్ల, మేత లోడులు పంపే ఆవిడ నాకు చుట్టమేమీ కాదు, అయినా వదినగారే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చేసి, ఫలానాది పాడైంది వదినగారూ అంటే, మర్నాటి లోడుతో పాటు ఆ సామాను చప్పుడు లేకుండా వచ్చేసేది, మావయ్యగారి చెవిన పడేది కాదు. పడితే ఏమవుతుందో మాకు తెలుసు. నాకు ముందు ఆ షెడ్డు చూసిన, మేం బాబాయిగారని పిలిచే పెద్దాయన, ఒక ట్యాంకు పిల్ల పోయిందని చెప్పిన రోజే ఇంటిదారి పట్టారు. మా వారు మంచాన పడి ఉన్నారు, నా జీతమే ఇంటికి ఆధారం.

అలాంటి చోటికి, బెంగళూరులో సాఫ్ట్‌వేరు కంపెనీలో చేసి వచ్చిన మావయ్యగారి అల్లుడుగారు ఎజైల్ అనే పద్ధతి తెచ్చారు. ఉగాదికి ఏడాది పని మొత్తం నిర్ణయించుకోవడం ఇక వద్దట. రెండేసి వారాల పని పెట్టుకుని, చేసి చూపించి, తప్పుంటే దిద్దుకుని ముందుకు వెళ్ళాలట. బందరు హాల్లో గోడ మీద రంగు చీటీలు వెలిశాయి. పసుపువి చెయ్యాల్సిన పనికి, ఆకుపచ్చవి అయిన పనికి, ఎర్రవి అడ్డంకులకి. రోజూ పొద్దున్నే అక్కడివాళ్ళు హాల్లోనూ, గుడివాడ, కోడూరు వాళ్ళం ఫోను వీడియోలోనూ నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏం అడ్డొస్తోంది అన్నది చెప్పాలి. నిలువుకాళ్ళ మీటింగని నవ్వుకున్నాం గానీ అది పైపై నవ్వే. ఇదంతా తడిగుడ్డతో గొంతులు కొయ్యడానికేనని, ఎవరి నోట అడ్డంకి మాట వస్తే వాళ్ళని ఇంటికి పంపుతారని గుడివాడ వాళ్ళు గట్టిగా నమ్మారు, నేనూ నమ్మాను.

పైగా అది పొద్దుటి పూట. మావయ్యగారు హాల్లో దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి, దణ్ణం పెట్టుకుని వచ్చి నిలబడేవారు. ఆ పొగ పోకముందే పాడైంది, పోయింది అని ఎవరంటారు? పైన తథాస్తు దేవతలుంటారని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్ళం. అందుకే వంతు రాగానే ప్రతివాళ్ళం అంతా బాగుందండీ అనేవాళ్ళం. ఎర్ర చీటీల కట్ట మీద చుట్టిన కాగితం కూడా విప్పలేదు. అల్లుడుగారు పాపం రోజూ ఆ కట్ట చూపించి, భయపడకుండా చెప్పండని బతిమాలేవారు. ఆయన భయం లేదన్న కొద్దీ మాకు భయం పెరిగేది.

ఆ కార్తీకంలో మా షెడ్డు జనరేటరు మొరాయించింది. అవనిగడ్డ నుంచి వచ్చిన మెకానిక్కు విప్పి చూసి, సామాను విజయవాడ నుంచి రావాలని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు. ఇంతలో సముద్రంలో వాయుగుండం పడింది. దివిసీమలో గాలి లేచిందంటే ముందు పోయేది కరెంటే. జనరేటరు లేకపోతే ట్యాంకుల్లో పిల్లంతా పోతుంది, దానితో పాటు నా ఉద్యోగమూ పోతుంది. వదినగారికి ఫోను చేశాను గానీ, ఇది గుట్టుచప్పుడు కాకుండా లోడులో వేసి పంపే సామాను కాదు. గుడివాడ గోడౌనులో ఉన్న జనరేటరు కదలాలంటే మావయ్యగారు మాట చెప్పాలి, ఆయన చెప్పాలంటే నేను నోరు విప్పాలి. పొద్దున మీటింగులో చెప్పెయ్యమన్నారు ఆవిడ. కక్కలేక మింగలేక ఫోను పెట్టేశాను.

తెల్లారేసరికి మబ్బు కమ్మి, షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి. నా వంతు వచ్చింది. తెర మీద మావయ్యగారి నుదుట తడి ఆరని కుంకుమ కనపడింది. అంతా బాగుందండీ అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

తర్వాతి వంతు వదినగారిది. ఆవిడ బల్ల దగ్గరికి నడిచి, ఎర్ర చీటీల కట్ట తీసుకుని, పైకాగితం చింపారు.

"కోడూరు లోడు ఇవాళ పంపాలండీ. పంపడానికి నాకు భయంగా ఉందండీ," అన్నారు.

పొద్దున్నే ఏమిటమ్మా ఆ మాట అని మావయ్యగారు గద్దించారు. దేనికి భయమండీ అని అల్లుడుగారు మెల్లగా అడిగారు.

"ఎందుకో చెప్పలేనండీ. భయం మాత్రం ఉంది. నా అడ్డంకి అదే, రాసుకోండి."

నా పేరెత్తలేదు, జనరేటరు ఊసెత్తలేదు. ఎర్ర చీటీ ఒకటి తీసి అల్లుడుగారి చేతికిచ్చారు. రేపోమాపో రిటైరయ్యే మనిషి, ఇక రానక్కర్లేదని మావయ్యగారు ఒక్క మాటంటే ఆవిడని కాపాడేవాళ్ళు లేరు. నా భయం మోయడానికి ఆవిడ అలా అందరి ముందూ నిలబడితే ఇక నేను కుక్కిన పేనులా ఉండలేకపోయాను.

"మావయ్యగారూ, మా జనరేటరు పనిచెయ్యడం లేదండీ," అన్నాను.

ఆయన వదినగారి వైపు తిరిగారు. లోడు ఆపమని, గుడివాడ జనరేటరుని వెంటనే వ్యానెక్కించమని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. అది కోడూరులో దిగి, తీగలు కలిపిన కాసేపటికే కరెంటు పోయింది. గాలివాన వెలిసేదాకా దాని చప్పుడు వింటూ ట్యాంకుల పక్కనే కూర్చున్నాను. ఆ చప్పుడు కాస్త తడబడితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోయేవి. పిల్ల బతికింది. మావయ్యగారు నన్నూ వదినగారినీ కూడా ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఎర్ర చీటీలతో గోడ నిండిపోయింది. లారీ రాలేదన్నా, మేత తడిసిందన్నా ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. మావయ్యగారు కూడా మీటింగు అయ్యాకే అగరొత్తులు వెలిగించుకోవడం మొదలుపెట్టారు. వదినగారు రిటైరయ్యారు, కొన్నాళ్ళకి కాలం చేశారు. చీటీలు పోయి అన్నీ ఫోనులోకి వచ్చాయి. పొద్దున్నే అందరికీ అన్నీ చెప్పేశాక ఒకరికి విడిగా చెప్పుకునేది ఏముంటుందని, మధ్యాహ్నం ఫోనులూ ఆగిపోయాయి. పద్ధతి మంచిదే, దాని వల్లే మా పిల్ల బతికింది, కాదనను. కానీ ఇది పాడైంది, అది రాలేదు అని చెప్పడం అందరం నేర్చుకున్నాం గానీ, నాకు భయంగా ఉందండీ అన్న మాట వదినగారి తర్వాత ఎవరి నోటా నేను వినలేదు. ఆవిడ లేని ఆ మీటింగుల్లో నేనూ, ప్రతి వాయుగుండానికీ లోపల వణుకుతూనే, జనరేటరు బాగుందండీ అని ఉన్న మాట మాత్రం చెప్పి పక్కకి తప్పుకునేదాన్ని.