బాలాఫోన్ గొంతు

రెండేళ్ల కిందటి మాట. విజయనగరంలో నాదొక చిన్న కొట్టు. తంబూరాలు, హార్మోనియాలు బాగుచేస్తాను. నా దగ్గరికొచ్చిన వాయిద్యం తళతళలాడుతూ తిరిగి వెళ్లాలి. అదొక పిచ్చి నాకు.

మా బావమరిది ప్రకాశం నెల్లిమర్ల చర్చిలో శాక్సాఫోన్ వాయిస్తాడు. హార్డ్ బాప్ అంటే వాడికి ప్రాణం. చర్చి పాటల ఆవేశం, డ్రమ్ముల జోరు కలిసిన జాజ్ అది. దానికి ఆఫ్రికా దరువు కలపాలని, ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతున్న మాలి దేశస్థుడు ఇసాని పట్టుకొచ్చాడు. ఇసా దగ్గర వాళ్ల తాత చేసిన బాలాఫోన్ ఉంది. చెక్క పలకల వరస, ఒక్కో పలక కింద ఒక్కో సొరబుర్ర. రైల్లో ఒక బుర్ర పగిలితే, బాగుచెయ్యమని నా కొట్టుకి తెచ్చారు. మర్నాడు సాయంత్రమే చర్చి హాల్లో కచేరీ, ఈ దేశంలో అతని మొదటిది.

బుర్ర అతికించాను. చూద్దును కదా, ప్రతి బుర్రకీ చిన్న చిల్లు, దానిమీద సాలీడు అల్లిన తెల్ల పొర. ఎన్నాళ్ల దుమ్మో అనుకుని అన్నీ గోకేసి, శుభ్రంగా తుడిచి పెట్టాను.

పొద్దున్నే ప్రకాశంతో కలిసి ఇసా వచ్చి, పలక మీద కర్రతో ఒక దెబ్బ కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. కర్ర పక్కన పెట్టేశాడు.

"మావా, దీని గొంతు పోనాది," అన్నాడు. హాస్టల్లో నేర్చిన తెలుగు.

ఆ పొరలు వాళ్ల తాత అంటించినవట. పలక మోగితే పొర అదిరి జుమ్మనాలి. ఆ బజ్ లేకపోతే శాక్సాఫోన్ పక్కన వినిపించేది ఉత్త చెక్క చప్పుడేనట. నాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. తంబూరా జుమ్మనడానికి తీగ కింద నూలుపోగు పెట్టేవాణ్ని నేనే. దాన్ని జీవాళి అంటాం. అలాంటి నేను ఇంకొకరి జీవాళిని చెత్తనుకుని ఊడ్చేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ప్రకాశం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా చేతులకేసి చూసి, "బావా, ఉలి తగిలితే ఏలికి తెల్ల బిళ్ల అంటించుకుంటావు గదా, అదేటి?" అన్నాడు.

సాలీడు తన గుడ్ల మీద అల్లే బిళ్ల అది, అచ్చం నేను గోకేసిన పొర లాంటిదే! రక్తం కట్టడానికి మా నాన్న నేర్పిన వైద్యం. తంబూరాలకని కొట్టులో ఆనించి పెట్టిన పనస చెక్కల వెనక గోడనిండా ఉంటాయి. అందుకే కొట్టు మొత్తంలో అక్కడొక్కచోటే నేను చీపురు పెట్టను. ముగ్గురం కలిసి చెక్కలు జరిపాం. ఇసా ఒక్కో బిళ్లనీ చాకుతో లేపి, కత్తిరించి, తుమ్మజిగురుతో చిల్లులకు అంటించాడు. మధ్యాహ్నానికి ఆరింది. పలక మీద కొట్టాడు. జుమ్మంది. అమ్మయ్య అనుకుంటూ నేలమీదే కూలబడ్డాను.

సాయంత్రం ఇసా మూడేసి దెబ్బల నడక, ప్రకాశం నాలుగేసి లెక్క, రెండూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ముందు వరస ముసలమ్మలు కూడా చప్పట్లతో తాళం అందుకున్నారు. నేను వెనక నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు కొట్టుకి ఏ వాయిద్యం వచ్చినా, "ముందు ఒకసారి వాయించండి," అంటాను. విన్నాకే గుడ్డ చేతికి తీసుకుంటాను.