టీకాల పెట్టెలో గుప్పెడు ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఐసు గురించి మాట్లాడే అధికారం ఒక్క మా తాతయ్యకే ఉండేది. కాట్రేనికోన దాటి ఇంకా ముందుకెళ్తే, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట మా పేట. పడవల మీద వచ్చిన చేపల్నీ రొయ్యల్నీ పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించడం తాతయ్య పని. ఏ సరుక్కి ఎంత ఐసు పట్టాలో, గడ్డలుగా వెయ్యాలో పొడి కొట్టి వెయ్యాలో, ఎన్ని గంటలు ఆగుతుందో చేత్తో ముట్టుకుని చెప్పేసేవారు. ఇన్నేళ్లలో ఒక్క చేప కూడా ఆయనకు ఎదురు చెప్పలేదు కాబట్టి, ఐసు విషయంలో తనకు తెలియనిది ఏదీ లేదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

తొంభైల మధ్యలో సంగతి. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడు పక్క పేటలో పిల్లలకు కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి, చివర్లో ఊపిరి లోపలికి లాక్కునేటప్పుడు కూతలాంటి చప్పుడొకటి వస్తుంది. మేము ఆటల్లో దాన్ని అనుకరించి తన్నులు తిన్నాం. పెద్దవాళ్లెవరూ నవ్వడం లేదంటేనే అదెంత చెడ్డ జబ్బో అర్థం చేసుకోవాల్సింది.

మా పక్కింటి అక్కకు మూడు నెలల పాప. కంఠసర్పికి, కోరింత దగ్గుకు, ధనుర్వాతానికి కలిపి వేసే సూది పాపకు వేయించాలని అక్క పట్టుదల. వద్దని అత్తగారి పట్టుదల. అత్తగారి వాదన చాలా సులువుగా ఉండేది. తాను ఏడుగురిని కన్నది, ఒక్కరికీ సూది వేయించలేదు, ఐదుగురు నిక్షేపంలా ఉన్నారు. మిగతా ఇద్దరి సంగతి ఆవిడను ఎవరూ అడిగేవారు కాదు. మా అమ్మ వారం రోజుల పాటు రోజూ గోడ పక్కన నిలబడి నచ్చజెబితే, చివరికి ఒక్కసారికి మాత్రం సరేనంది. ఆ ఒక్కసారి అన్నది ఆ బుధవారమే.

టీకాలు తెచ్చే నర్సమ్మగారు పడవలో రావాలి. ఆ రోజు ఆటు వచ్చి నీరు తీసేసి పడవ ఇసుకలో దిగబడింది. ఆవిడ ఒడ్డు చేరేసరికి బాగా పొద్దెక్కింది. మోకాళ్ల దాకా బురద, భుజాన నీలం రంగు పెట్టె, పెట్టెలో ఐసు సగానికి పైగా నీళ్లు. ఒడ్డున ఎదురుచూస్తున్న ఇద్దరు పిల్లలకు అక్కడే ఒక సీసా తెరిచి సూదులు వేశారు. మందు మిగిలిన ఆ సీసాను గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పెట్టెను తాతయ్యకు అప్పగించి, నాలుగు ఐసు ముక్కలు ప్లాస్టిక్ కవర్లో కట్టి సీసాలకు తగలకుండా పెట్టమన్నారు. తాను ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని పిలుచుకొస్తానని వెళ్లారు.

నాలుగు ముక్కలా అని తాతయ్యకు నవ్వొచ్చింది. ఐస్‌ఫ్రూట్ బండి అతని దగ్గర ఆయన ఎప్పుడో నేర్చుకున్న రహస్యం ఒకటి ఉంది. పొడి కొట్టిన ఐసులో రాళ్ల ఉప్పు కలిపితే దాని చల్లదనం వేళ్లను కొరుకుతుంది. ఖరీదైన రొయ్యలకు మాత్రమే ఆయన ఆ మర్యాద చేసేవారు. రొయ్యలకు చేసిన మర్యాద పసిపిల్లల మందుకు చెయ్యకపోతే బాగోదనుకున్నారు. కవరు తీసి అవతల పెట్టి, సీసాలను మెడల దాకా ఐసు పొడిలో పాతి, పైన గుప్పెడు ఉప్పు చల్లి మూత బిగించారు. ప్రశ్నలు అడగడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పక్కనే గొంతుక్కూర్చుని, ఆవిడ ఉప్పు వెయ్యమనలేదు కదా అన్నాను. ఆవిడది పట్నం చదువని, చదువులో ఐసు గురించి ఉండదని తాతయ్య జవాబు.

రెండు గంటల్లో మా వాకిలి నిండిపోయింది. అందరికంటే ముందు పక్కింటి అక్క. పాపకు కొత్త గౌను వేసి, చందమామంత దిష్టిచుక్క పెట్టి తెచ్చింది. వెనక అత్తగారు, ఖైదీని కోర్టుకు తెచ్చిన పోలీసులా. నర్సమ్మగారు పెట్టె మూత తీసి ఒక సీసా పైకెత్తారు. తిరగేశారు. లోపలి మందు కదల్లేదు. ఇంకోటి ఎత్తారు. అదీ అంతే, తెల్లగా రాయిలా గడ్డకట్టి ఉంది. పోలియో చుక్కల సీసాలు కూడా గడ్డకట్టాయి కానీ వాటిని చూసి ఆవిడ కంగారుపడలేదు, పక్కన పెట్టేశారు. తాతయ్య మెచ్చుకోలు కోసం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు.

ఇలా గడ్డకట్టిన సూదిమందు వెయ్యనని ఆవిడ అన్నాక సలహాలకు కరువు లేదు. ఎండలో పెట్టమని ఒకరు, కొంగులో చుట్టమని ఒకరు. తాతయ్య ఒక సీసా అందుకుని రెండు అరచేతుల మధ్య రుద్ది ఇచ్చారు. మందు కరిగింది. పక్కన పెట్టి చూస్తే ఎప్పటి మందులాగే ఉంది. సూది వేసేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. అక్క నర్సమ్మగారి దగ్గరగా జరిగి నెమ్మదిగా అంది.

"వేసెయ్యండి నర్సమ్మగారూ. ఇయ్యాళ తప్పితే మా అత్తగారు పాపని మళ్లీ గుమ్మం దాటనివ్వరండి."

నర్సమ్మగారు చేతిసంచి ముందుకు లాక్కున్నారు. సంచిలోంచి ఒడ్డున తెరిచిన సీసా తీశారు. అప్పటికే ఆవిణ్ణి మూడు ప్రశ్నలడిగి విసిగించి ఉన్నానేమో, నన్నే పిలిచారు. దాన్నీ, తాతయ్య కరిగించిన సీసానూ నా చేతికిచ్చి ఒకేసారి ఊపమన్నారు. ఊపాను. రెండూ మజ్జిగలా తెల్లబడ్డాయి. వాటిని అరుగు మీద పక్కపక్కన పెట్టి, చూస్తూ ఉండమన్నారు. మా పేటలో ఇరవై మంది ఒక చోట చేరి పావుగంట సేపు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు. బహుశా అదే ఆఖరు కూడా.

ముందు ఏమీ కాలేదు. నాకు ఆవలింత కూడా వచ్చింది. తర్వాత తాతయ్య కరిగించిన సీసాలో చిన్న చిన్న పలుకులు కనిపించాయి. అవి మెల్లగా కిందికి దిగి అడుగున పేరుకున్నాయి. పైన తేట నీళ్లు మిగిలాయి. పాలు విరిగినట్టే ఉంది. పక్క సీసా మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. రెండూ ఐసు పెట్టెలో వచ్చినవే కదా, ఇలా ఎందుకయిందని అడిగాను. చుక్కల మందు గడ్డకట్టినా ఏమీ కాదట. ఈ సూదిమందు చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడదట. ఒకసారి గడ్డకడితే లోపలి కట్టు విడిపోతుందట, కరిగించినా మళ్లీ కలవదట. ఎక్కువ చల్లదనం కూడా చెడగొడుతుందన్న మాట విని నాకు ఆశ్చర్యం వేసింది. తాతయ్య ముఖం చూశాక ఆ ఆశ్చర్యం నా ఒక్కదానిదే కాదని తెలిసింది.

అప్పుడు నర్సమ్మగారు అక్కతో అన్నారు. "ఇది పొడిస్తే పాప ఏడుస్తుందమ్మా, అంతే. దగ్గుని ఆపదు. మీరు మాత్రం వేయించేశాం కదా అని ధైర్యంగా ఉంటారు. అదే నాకు భయం."

తెల్లగా ఉన్న సీసా కూడా ఇంతసేపు బయటే ఉంది కాబట్టి వాడనన్నారు. అన్నిటినీ మూటగట్టి, రేపు కొత్త మందుతో వస్తానన్నారు. సర్కారు మందు సంగతి తాను ముందే చెప్పానని అత్తగారు లేచి పాప కోసం చేతులు చాపింది. అక్క ఇవ్వలేదు, అలాగని ఆపే ధైర్యమూ లేదు. ఉప్పు సంగతి నర్సమ్మగారు ఎత్తలేదు. పెట్టె వదిలి వెళ్లకూడదని, తప్పు తనదేనని అత్తగారితో చెప్పారు. నేను నోరు తెరవబోతే మా అమ్మ తొడ మీద గిల్లింది.

తాతయ్య స్తంభం దగ్గర నుంచి కదిలి వాకిట్లోకి వచ్చారు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నారు.

"ఆవిడది కాదు చెల్లెమ్మా. ఉప్పు నేనేసేను. నాలుగు ముక్కలు చాలన్నారు ఆవిడ. నాకే తెలుసనుకున్నాను."

అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూసింది. మగవాడు నలుగురిలో నిలబడి తప్పు తనదని ఒప్పుకోవడం ఆవిడ అరవై ఏళ్లలో చూసి ఉండదు. పాప కోసం చాపిన చేతులు వెనక్కి తీసుకుంది.

"ఆయ్, సరే. రేపు మాత్రం ఆ పెట్టె ముట్టుకోకండి అన్నయ్యగారూ" అని ఇంటికి నడిచింది.

అది రేపటి సూదికి ఒప్పుకోలు అని అక్కకు అర్థమయ్యేసరికి అత్తగారు వీధి మలుపు తిరిగిపోయింది. మర్నాడు నర్సమ్మగారి కోసం పడవ వేసుకుని వెళ్లింది తాతయ్యే. పెట్టె ఆవిడ ఒళ్లోనే ఉంది. పాపకు సూది పడింది, పేటంతా వినిపించేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని సంతోషపడిన ఊరు ఇంకోటి ఉంటుందనుకోను.

ఇప్పుడు నేను ఒక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టును. టీకాల ఫ్రిజ్‌లు చూసుకోవడం నా పని. కరోనా రోజుల్లో పొద్దున్నే ఫోన్ తెరిస్తే టీకా వచ్చిందని ఒక వార్త, రాలేదని ఇంకొకటి, వచ్చినా పని చెయ్యదని మూడోది. మా సిబ్బందిలో మూడూ నమ్మినవాళ్లున్నారు. ఒక రాత్రి కరెంటు పోయి, తెల్లవారేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. జనరేటర్ చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. బయట వరుస గేటు దాటి రోడ్డెక్కింది. సీసాలు చూడటానికి బాగానే ఉన్నాయి. వేసేస్తే ఎవరికీ తెలియదు.

తర్వాత నేను చేసినదాన్ని ధైర్యం అనను, ఒక రకమైన తొందర. నా చేతిలో ఏదైనా చెడితే ఎవరో అడిగేలోపే బయటికి వచ్చి చెప్పేయాలన్న తొందర తొమ్మిదేళ్ల వయసు నుంచీ నాతోనే ఉంది. వరండాలోకి వచ్చి జనరేటర్ నేను చూసుకోలేదని, ఈ మందు మీద నాకు నమ్మకం లేదని, రేపు రమ్మని చెప్పాను. ముందు వరుసలో ఉన్న పెద్దాయన నన్నూ, నా చదువునూ, నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్లనూ వరసగా తిట్టి వెళ్లిపోయారు. మర్నాడు గేటు తీసేసరికి అందరికంటే ముందు ఆయనే ఉన్నారు. తిట్లు ఆపలేదు. తిడుతూనే చొక్కా చెయ్యి పైకి మడిచారు.