సైనోడాన్ డాక్టిలాన్ పండిన పార్కు

ఆ వయసులో నాకు తెలియనిది ఈ లోకంలో ఏదీ లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ వయసులో అందరూ అంతే. బోటనీలో ఎమ్మెస్సీ పాసై, నరసన్నపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరి అప్పటికి మూడు నెలలయింది. అక్కావాళ్ళ ఇంట్లో ఉండేదాన్ని. ఏ మొక్క గురించి ఎవరడిగినా కళ్ళు మూసుకుని లాటిన్‌లో చెప్పేదాన్ని. కళ్ళు తెరిచి మొక్కను చూసింది మాత్రం తక్కువే. (మా ఎమ్మెస్సీలో మొక్కలన్నీ సీసాల్లోనో, స్లైడుల మీదో, పుస్తకాల్లో నిలువుకోతలుగానో ఉండేవి. ఎవరూ కోయని మొక్క ఎదురైతే నాకు కాస్త కంగారుగా ఉండేది.)

అక్కావాళ్ళ కాలనీ మధ్యలో పార్కు కోసమని వదిలిన జాగా ఒకటుంది. లేఅవుటు కాగితంలో దానికి ఆకుపచ్చ రంగు వేశారు గానీ, నేల మీద పచ్చగా ఉన్నది సర్కారు తుమ్మ ఒక్కటే. మిగతాదంతా ఇళ్ళు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, పగిలిన వాష్ బేసిన్లు. ఆ వేసవిలో ఒక కబురొచ్చింది. జాగా ఊరికే పడి ఉంది కాబట్టి అక్కడ చెత్త బళ్ళు పెట్టే షెడ్డు కడతారట. దసరాకు ముందు ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడు, పార్కు ఉంటే సరే, లేకపోతే షెడ్డే. అక్కావాళ్ళ వంటింటి కిటికీ సరిగ్గా ఆ జాగాలోకే తెరుచుకుంటుంది. అక్క ఆ పూట అన్నం తినలేదు.

మా బావ కాలనీ సంఘానికి కార్యదర్శి. ఆయన్నెవరూ ఎన్నుకోలేదు, అలాగని ఎవరూ అడ్డమూ చెప్పలేదు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పార్కు సాధన సమితి పుట్టింది. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన (కాలనీలో అందరూ ఆయన్ని ఈల మాస్టారు అనేవారు) ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఈల ఊదేవారు. మగవాళ్ళు పలుగూ పారా, ఆడవాళ్ళు గంపలూ పట్టుకుని వచ్చేవారు. నాలుగు ఆదివారాల్లో తుమ్మ పోయింది, బేసిన్లు పోయాయి. ఇక ఏం వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది.

"మాలీ మనకెందుకండీ. మా మరదలు బోటనీ సదివింది. గోల్డ్ మెడలు" అన్నాడు బావ.

(నాకు గోల్డ్ మెడలు రాలేదు. వ్యాసరచనలో ఒకసారి స్టీలు గ్లాసు వచ్చింది.)

నేను కాదనలేదు. మధ్యలో పచ్చిక వెయ్యాలన్నాను. ఆన్‌లైన్‌లో గరిక గడ్డి విత్తనాలు (లాటిన్‌లో సైనోడాన్ డాక్టిలాన్) తెప్పించి, తొలకరికి ముందు చల్లించాను. విత్తనాలను పిట్టలు తినకుండా, తడి ఆరకుండా పైన ఎండుగడ్డి పరచాలని పుస్తకంలో ఉంది. కాలనీ చివర ఆవుల్ని పెంచుకునే మామ్మ ఒకావిడ ఉంది. కాలనీ రాకముందు ఆ భూమి దున్నిన కుటుంబం వాళ్ళది. ఆవిడ కుప్ప నుంచే ఎండుగడ్డి తెచ్చాం.

"గడ్డి మొలవడానికి గడ్డి కప్పుతావేటే గుంటా" అంది మామ్మ.

"దాన్ని మల్చింగ్ అంటారు మామ్మా."

"ఏదంటే అదవనీ. దులిపి పరుసు. అందుల గింజలుంటాయి."

దులపనక్కర్లేదన్నాను. దులపమని పుస్తకంలో లేదు మరి.

వానలు పడ్డాయి. వారం తిరిగేసరికి నేలంతా సన్నగా, పచ్చగా మొలకలు. సమితి వాట్సాప్‌లో ఆ రోజు వచ్చిన పువ్వుల బొమ్మలకూ దండాలకూ బావ ఫోను వేడెక్కిపోయింది. నేను స్కేలు పట్టుకుని గొంతుకూర్చుని, ఆకు పొడవు కొలిచి, ఇది పచ్చికేనని ధ్రువీకరించాను. బావ రేకు మీద తెల్ల పెయింటుతో బోర్డు రాయించాడు: "సైనోడాన్ డాక్టిలాన్. దీనిపై నడవరాదు."

మామ్మ ఆవును తోలుకెళ్తూ ఆగింది. "ఇది వరి కాదేటే?"

"కాదు మామ్మా. రెండూ ఒకటే కుటుంబం. చిన్నప్పుడు ఒకలాగే ఉంటాయి."

"ఓలమ్మా, అలాగా" అని వెళ్ళిపోయింది.

నా పచ్చిక ఎదిగింది. ముందు జానెడు, తర్వాత మోకాలెత్తు. దుబ్బు కట్టింది. వాన నీళ్ళు నిలిచేసరికి ఇంకా ఏపుగా వచ్చింది. ఒక్క విషయం చెప్పాలి. ఆ సమితిలో ముప్పాతిక మంది వరి పండించే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళే. మా బావ పెళ్ళయ్యేదాకా నాగలి పట్టినవాడు. మూడో వారానికే తనకు తెలిసిపోయిందని తర్వాత ఒప్పుకున్నాడు. మరి చెప్పలేదేమని అడిగితే, "నువ్వు లాటిన్‌లో సెప్పినావు కదే. నాకు అది వరి అని తెలుగులోనే తెలుసును" అన్నాడు. సాయంత్రం అయ్యేసరికి ఒక్కొక్కరే వచ్చి, జాగా చుట్టూ వేసిన మట్టి గట్టు మీద కూర్చుని, దానివైపు చూస్తూ ఉండేవారు. నా పచ్చిక అందానికి ముగ్ధులవుతున్నారని నేననుకున్నాను. ఒకాయన రహస్యంగా యూరియా కూడా వేశాడట.

ఆఫీసరు వచ్చేవారం వస్తాడనగా, పచ్చికను రెండంగుళాలకు కత్తిరించాలని ఆజ్ఞాపించాను. ఆదివారం పదకొండు మంది కొడవళ్ళతో వరసగా నిలబడ్డారు. ఈల మాస్టారు ఈల ఊదారు. ఒక్కరూ వంగలేదు. మళ్ళీ ఊదారు. అందరూ కాళ్ళ వంక చూసుకుంటున్నారు. మూడోసారి మాస్టారికే ఈల సరిగా పలకలేదు.

"పొట్టకొచ్చిన సేను కొయ్యమంటే ఎవులు కోస్తారే" అంది గట్టు మీంచి మామ్మ.

నాకు కోపమొచ్చింది. ఇది గడ్డేనని రుజువు చేద్దామని ఒక దుబ్బు నుంచి కాడ పీకి, అందరి ముందూ గోటితో నిలువునా చీల్చాను. ఆ పని నాకు బాగా వచ్చు. లోపల, మెత్తగా, పాలరంగులో, గింజలు గింజలుగా లేత వెన్ను. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

"ఒరైజా సటైవా" అన్నాను.

"మళ్ళీ అదేటే?"

"వరి, మామ్మా."

"అదే కదేటి నాను సెప్పినాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నేను ఇంటికెళ్ళి తలుపేసుకున్నాను. ఈ కాలేజీ మానేసి ఇంకో ఊళ్ళో ఉద్యోగం చూసుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. బావ తలుపు తట్టి, "బేగి రా. కొయ్యడానికి ఎవరికీ సెయ్యి రాదు. దాన్ని పార్కులాగ కనిపించీటట్టు సెయ్యాల" అన్నాడు.

ఆ నాలుగు రోజులూ మేం చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను. గట్లకు సున్నం వేసి వాకింగ్ ట్రాక్ అన్నాం. రెండు సిమెంటు బెంచీలను మోసుకొచ్చి చేను మధ్యలో పెట్టాం, అవి వెంటనే చీలమండల లోతు దిగబడ్డాయి. ఎవరి డాబా మీదనో ఉన్న సిమెంటు కుందేలును తెచ్చి దుబ్బుల మధ్య కూర్చోబెట్టాం. పిట్టల కోసం ఎవరో అప్పటికే దిష్టిబొమ్మ పాతారు, దానికి ఈల మాస్టారి పాత ట్రాక్ సూటు తొడిగి ఉంది. అది తీస్తే పిట్టలు పడతాయి, ఉంచితే పొలమని తెలిసిపోతుంది. చివరికి బావ దాని మెడలో బంతిపూల దండ వేసి విగ్రహం చేశాడు.

ఆఫీసరు జీపు దిగాడు. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో ఫైలు. వెనకాల వచ్చిన గుమాస్తా దిష్టిబొమ్మకు నమస్కారం పెట్టాడు. కాలనీ పెద్దలు పన్నెండు మంది సున్నం గట్టు మీద ఒకరి వెనక ఒకరు చేతులూపుకుంటూ నడుస్తున్నారు.

"ఇది పార్కా?" అన్నాడు ఆఫీసరు.

"అవునండీ" అన్నాడు బావ.

"మరి ఇదేమిటి?"

బావ నా వంక చూశాడు. అందరూ నా వంకే చూశారు. వంటింటి కిటికీలో అక్క మొహం కనిపించింది.

"ఆర్నమెంటల్ గ్రాస్ అండీ" అన్నాను.

ఆయన బూట్లు విప్పాడు. ప్యాంటు మడిచి చేలోకి దిగాడు. ఒక ఆకు తిప్పి చూశాడు, వెన్నును అరచేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మాట్లాడినప్పుడు ఆయన గొంతులోంచి ఆఫీసు పోయింది.

"మా అయ్య అరవై ఏళ్ళు ఇదే పండించినాడమ్మా, కోటబొమ్మాళి కాడ. ఇది ఆర్నమెంటలని తెలకుండానే ఎల్లిపోనాడు."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. చేలో ఆయన వెనక నిలబడి అప్పటికే మడమల దాకా దిగి ఉన్నాను.

"ఎవులూ ఎయ్యలేదు నాయనా" అంది మామ్మ. "ఈ గుంట గడ్డేసినాది. వరి దానంతటదే వచ్చినాది. కొయ్యమంటే ఎవులికీ మనసొప్పలేదు."

"రోజూ ఇక్కడికి ఎంతమంది వస్తారు?"

మామ్మ కాలనీ మొత్తాన్ని చేత్తో చూపించింది. "రానోళ్ళెవులు. పొద్దుగూకితే అందరూ ఈ గట్టు మీదే."

ఆఫీసరు దిగబడిన బెంచీ మీద కూర్చుని ఫైలు తెరిచాడు. ఆయన రాసింది బావ తర్వాత కాపీ తెచ్చి చూపించాడు: "స్థలములో ఉద్యానవనము కలదు. ప్రజలు వినియోగించుచున్నారు. గడ్డి కొంచెము ఎత్తుగా ఉన్నది." వెళ్తూ నాతో, "ఆకుముడత పురుగు తగిలింది, సూసుకో. కోతకి నాకు కబురెట్టు" అన్నాడు.

కార్తీకంలో కోశాం. ఆయన ఆదివారం స్కూటరు మీద, లుంగీ కట్టుకుని వచ్చాడు. అందరికంటే ముందు వంగింది ఆయనే. మామ్మ కొత్త బియ్యంతో పరమాన్నం వండింది. మరుసటి ఏడాది వానాకాలంలో మామ్మే పొలం గట్ల నుంచి గరిక దుంపలు తెచ్చి నాటించింది, ఇప్పుడక్కడున్న పచ్చిక అదే. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నేను పెళ్ళయి విజయనగరం వచ్చేశాను.

కోతరోజు బావ తీసిన ఫోటో ఒకటి నా ఫోనులో ఉంది. లెక్చరరు చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఒక చేతిలో కోసిన వరి పన, ఇంకో చేత్తో తిరగేసి పట్టుకున్న కొడవలి, ఈ పంటంతా నా పరిశోధన ఫలితమన్నట్టు మెడ నిటారుగా పెట్టి నిలబడ్డాను. ఈమధ్య దాన్ని పెద్దది చేసి చూస్తే వెనకాల మామ్మ కనిపించింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతూ. నా వెనక నిలబడి ఆవిడ పంటను చూసి మురిసిపోతోందనే అనుకున్నాను ఆ రోజు.