దండెం మీది ఎర్ర దారం

మా ఇంటి ఓనరమ్మ పోయిన సంగతి తెలిసేసరికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురుగులో ఉన్నాయి. ఉప్పల్‌లో తాను పనిచేసే షెడ్డు నుంచి మా ఆయన ఫోన్ చేశాడు.

"దవాఖానల అమ్మ పానం పోయిందంట. కాప్రాల ఉండే ఆమె తోటికోడలు ఫోన్ జేసింది. ఇంటికే తెస్తున్నరు" అన్నాడు. తర్వాత "బట్టలు నానబెట్టినవా?" అని అడిగి పెట్టేశాడు.

నేను వెంటనే ఏడవలేదు. మేడ మీద దండెం మీద ఆరుతున్న, కార్లు తుడిచే బట్టలన్నీ గబగబా తీసేశాను. గేటులోంచి వస్తూ వాటిని చూస్తే ఆమె ఏమంటుందో నాకు తెలుసు.

"ఛీ" అంటుంది.

నాచారంలో ఆమె ఇంటి మేడ మీద ఒంటి గదిలో మేముంటాం. కింద ఆమె ఒక్కతే ఉండేది. గోదావరి వైపు నుంచి ఎప్పుడో వచ్చారట. భర్త ఇక్కడి ఫ్యాక్టరీలోనే గుమాస్తాగా చేసి, మేము రాకముందే పోయాడు. పిల్లలు లేరు. ఆమెకు చుట్టూ ఉన్నవన్నీ అసహ్యమే. పాల ప్యాకెట్ మీది జిగట అసహ్యం. ఉప్పల్ వైపు నుంచి మురుగు నాలా వాసన మోసుకొచ్చే గాలి అసహ్యం. జవహర్‌నగర్ పోయే చెత్త లారీ మెయిన్ రోడ్డు మీద కనిపిస్తే చాలు, గల్లీలో ఉన్న తన కిటికీలు మూసేసేది. మొదట్లో నాకు ఆమెను చూస్తే భయంగా ఉండేది. అసలే నేను ఎవరితోనూ మాట్లాడలేను. ఆమె మెట్ల మీద ఎదురైతే గోడకు అంటుకుపోయేదాన్ని.

మా ఆయన షెడ్డులో కార్లు కడిగి, పాలిష్ పెట్టి, కొత్తవాటిలా చేస్తారు. అక్కడ వాడేవి నూలు బట్టలు కావు. మెత్తటి నూగు ఉన్న చిన్న చిన్న తువ్వాళ్లు. మైక్రోఫైబర్ అంటారు. వాటిని ఇంటికి తెచ్చి ఉతికి తీసుకుపోవడం మా ఆయన ఒప్పుకున్న పని. అంటే నా పని.

మొదటి మూట విప్పిన రోజు నేను అన్నం తినలేదు. చక్రాల్లోంచి వచ్చిన నల్లటి పొడి, నీళ్లు తగలగానే తారులా సాగింది. సీట్లు తుడిచిన బట్టల్లో గుట్కా ఉమ్మి, తలనూనె, పసిపిల్ల కక్కిన పాలు, కుక్క వెంట్రుకలు. ఒకదానిలో నమిలి పడేసిన కోడి ఎముక. రోడ్డు మీద అద్దంలా మెరిసే కార్లు అప్పటిదాకా నాకు ఇష్టం. ఆ తర్వాత ఏ కారు ఎదురైనా, లోపల కూర్చున్నవాళ్లు ఏం చేసి ఉంటారో అనిపించి ముఖం తిప్పుకుంటాను. ఇక ఆ బట్టల స్పర్శ వేరే. సబ్బుకు పగిలిన వేళ్లకు ఆ నూగు పట్టుకుంటుంది. బల్లిపిల్ల కాళ్లతో కరుచుకున్నట్టు ఉంటుంది. విదిలిస్తే గానీ వదలదు.

అవి ఉతికి దండెం మీద వేశాను. ఆమె పైకి వచ్చింది.

"అమ్మాయ్, ఏవిటివి?"

"కార్లు తుడిచే బట్టలమ్మ."

"నా చీర ఆరేసే దండెం మీదా? ఛీ. తీస్తావా, ఇల్లు ఖాళీ చేస్తావా?"

అన్నీ తీసి పిట్టగోడ మీద వేశాను. గరుకు సిమెంటుకు నూగు పట్టుకుని పోగులు లేచాయి. మర్నాడు ఆమె ఎర్ర దారం ఒకటి పట్టుకుని వచ్చి, దండేనికి మధ్యలో బిగించి ముడి వేసింది.

"ఇటు నీది, అటు నాది. గాలొచ్చినా వానొచ్చినా నీ గుడ్డ ఈ దారం దాటకూడదు. గోడ మీద వేశావంటే నాకు గోడంతా అసహ్యం. మురికి ఎక్కడుందో తెలిసి ఉంటే మనిషి బతకొచ్చు" అంది.

వాసన పోవడం లేదని, జాడించే నీళ్లలో, బట్టలకు సువాసన ఇచ్చే నీలం మందు పోయడం మొదలుపెట్టాను. బండ మీద బాది, ఆ నీళ్లలో ముంచి ఆరేస్తే పూల వాసన వచ్చేది. నాకు సంతోషమయ్యింది. తర్వాత ఒక సాయంత్రం మా ఆయన మూట విసిరినట్టు పడేశాడు.

"బట్టలు నీళ్లు గుంజుతలేవు. అద్దం తుడిస్తే మసక. నల్ల కారు మీద సన్న గీతలు పడ్డయి. సేటు గరమైండు. ఇంకోపారి గిట్లయితే పనిలకెళ్లి తీసేస్తా అన్నడు. ఏం జేసినవే?"

"మంచిగనే ఉతికిన."

"గట్ల ఉతికితే గిట్లెందుకైతయ్?"

కింద ఆమెకు అంతా వినపడింది. మర్నాడు వచ్చి ఒక బట్టను రెండు వేళ్ల కొసలతో పైకెత్తి వాసన చూసింది. ముక్కు ముడిచింది.

"ఏం పోశావు?"

చెప్పాను.

"వాసన మీద వాసన పోస్తే కంపు పోదమ్మాయ్. చీర కట్టుకుని కూర్చుంటుంది" అంటూ బట్ట మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లింది. చామాకు మీద నిలబడ్డట్టు అవి గుండ్రంగా నిలబడ్డాయి. "చూడు. ఇది తుడిచే గుడ్డ కాదు, పూసే గుడ్డ అయిపోయింది."

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఏడుస్తున్నానని కనిపెట్టిందో ఏమో, గొంతు కాస్త తగ్గించింది.

"మొన్న ఆదివారం నువ్వు బోటి కడిగావు చూడు. ఆ పేగుల కంపుకి నేను కిటికీలన్నీ మూసుకున్నాను. కానీ సందులోంచి చూశాను. తిప్పి తిప్పి, ఎన్ని నీళ్లు పోశావు! అందులో సెంటు పోశావా?"

"లేదమ్మ."

"ఎందుకు పోయలేదు?"

"తినేది గద."

"మరి అలా కడుగు. తినేదాన్ని కడిగినట్టు."

బోటి గురించి ఆమె ఎప్పుడు మాట్లాడినా నాకు కోపం వచ్చేది. మా ఇంట్లో అది పండగ కూర. కానీ ఆ రోజు చెప్పింది మాత్రం చేతికి అర్థమైంది. నీలం మందు మానేశాను. పోసిన మందు వదిలేదాకా గోరువెచ్చటి నీళ్లలో మళ్లీ మళ్లీ జాడించాను. పొడి సబ్బు బదులు నీళ్ల సబ్బు, అదీ కొంచెమే. బండ మీద బాదడం లేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా చేతులు తీయడం లేదు.

బకెట్లు వేరు చేయించింది కూడా ఆమే. "మా వంటింట్లో మసిగుడ్డ, నేలగుడ్డ ఒకచోట ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది. కారు ఒంటికీ అద్దాలకూ వాడే పసుపుపచ్చవి ఒక బకెట్. సీట్లకు వాడే నీలంవి ఒకటి. టైర్లు తుడిచే బూడిదరంగువి వేరే. వాటిని దండెం ఎక్కనివ్వలేదు. కింద కుళాయి పక్క గోడకు ఒక మేకు కొట్టించి, అక్కడే ఆరాలి అంది. పసుపు బట్ట చేయి జారి నేల మీద పడితే ఇసుక రేణువు పట్టుకుని కారును గీస్తుందని మా ఆయన చెప్పాడు. ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. అప్పటినుంచి ఏది కింద పడ్డా, "పడిందా? ఇంక అది మేకుదే" అనేది. మేకుకు వెళ్లిన బట్ట మళ్లీ పైకి వచ్చింది లేదు.

ఒకరోజు ఆమె చేసిన పని నేను మరచిపోలేను. ఆరిన పసుపు బట్టను దండెం మీదనుంచి తీసి, కారుకు గీత పడకుండా లేబుల్ కత్తిరించిన అంచును తన చెంప మీద పెట్టుకుని మెల్లగా లాగి చూసింది. రెండు వేళ్ల కొసలతో తప్ప వాటిని ముట్టుకోని మనిషి. మడత పెట్టి నా చేతికిచ్చింది. ఛీ అనకపోవడమే ఆమె మెచ్చుకోలు. మా ఆయన పనికి సేటు మళ్లీ వంక పెట్టలేదు.

తెలంగాణ వచ్చిందని గల్లీలో పటాకులు కాలుస్తున్నప్పుడు ఆమె చెవులు మూసుకుని మెట్ల మీద కూర్చుంది.

"మీ రాష్ట్రం మీకొచ్చిందిగా అమ్మాయ్. ఇంక దారం దాటి ఆరేస్తావా?"

నాకు నవ్వొచ్చింది. "లేదమ్మ. దారం గట్లనే ఉండనీ" అన్నాను. ఆమె ఎదుట నేను నవ్వడం అదే మొదలు.

"ఉండాలి మరి. రాష్ట్రాలు విడిపోతే పోనీ. గుడ్డలు మాత్రం కలవకూడదు" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి పడిపోయింది. దవాఖానకు ఒకసారి వెళ్లి చూశాను. మాట లేదు. ముక్కులో గొట్టం, అది కదలకుండా చెంప మీద ప్లాస్టరు. పక్క మీది దుప్పటికి ఎవరిదో పాత మరక. ఆమె కళ్లు దాని మీదకే పోతున్నాయి. నేను ఆ కొస మడిచి పరుపు కిందికి నెట్టాను. అప్పుడు కళ్లు మూసుకుంది. ఛీ అనడానికి కూడా వీల్లేకుండా ఆమె అక్కడ పడుకుంది.

శవాన్ని తెచ్చాక కింద కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుని స్నానం చేయించారు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. తువ్వాలు తడిసిపోయింది. తోటికోడలు చుట్టూ చూసి, గోడ మీదికి చేయి చాపి, మేకుకు ఉన్న బూడిదరంగు బట్ట లాగింది.

"ఇదేదో మెత్తగా ఉందే" అంది. చేయి ముఖం మీదికి పోతోంది.

"ఛీ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఎవరమ్మా నువ్వు? శవాన్ని పట్టుకుని ఛీ అంటావేంటి?"

"ఆమెను గాదమ్మ. ఆ బట్టను. అది టైర్లు తుడిచేది."

"అయితే ఏవైంది? కాసేపట్లో కాలిపోయే ఒళ్లు. దేంతో తుడిస్తే ఏం?"

"అమ్మకు అదంటే అసహ్యం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చీర పట్టుకున్న ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటూ, "ఆ పిల్ల చెప్పేది నిజమేనే. ఇది లేచి కూర్చుంటే ముందు నిన్నే ఛీ అంటుంది" అంది. ఏడుస్తున్నవాళ్లలోనే ఎవరో నవ్వారు. తోటికోడలు బట్టను మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, "మంచిదుంటే తే, నువ్వే తుడువు" అంది.

పైకి పరుగెత్తి పసుపు బట్ట తెచ్చాను. కారుకు మడిచినట్టే నాలుగు మడతలు వేశాను. ప్రతి తుడుపుకీ కొత్త మడత. నుదురు, కనురెప్పలు, ముక్కు పక్కలు. చెంప మీద ప్లాస్టరు జిగురు నల్లగా మురికి పట్టి ఉంది. ఇంటికి తెచ్చేటప్పుడైనా ఎవరూ దాన్ని తీయలేదు. తడిపి, ఒత్తకుండా, కొంచెం కొంచెంగా తీశాను. పగిలిన నా వేళ్లకు బట్ట పట్టుకుంటూనే ఉంది. ఈసారి విదిలించలేదు.

ఆమెను తీసుకుపోయాక కుళాయి దగ్గరంతా కడిగాను. పసుపు బట్టను వేరే బకెట్‌లో ఒక్కదాన్నే వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాను. పైకి వెళ్లాను. ఎర్ర దారానికి అటువైపు, దవాఖానకు పోకముందు తాను ఆరేసుకున్న చీర ఇంకా ఉంది. ఎండి బిగుసుకుపోయింది. ఆమె చీరను ఆమె తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కాబట్టి నేనూ తీయలేదు.

దారం దాటి అటువైపు వెళ్లాను. పసుపు బట్టను ఆమె చీర పక్కన ఆరేశాను. ఆ రెండూ తగలకుండా మధ్యలో జానెడు ఖాళీ వదిలాను.