పదకొండు బోర్ల అయ్యవారు

ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఉదయగిరి బస్టాండులో టీ తాగుతున్నాను. మా లెక్కల అయ్యవారు పొద్దున పోయారని ఆయన కొడుకు చెప్పాడు. గ్లాసు బల్లమీద పెట్టి ఆత్మకూరు బస్సెక్కాను.

బడిలో ఆయన నాకు ఎక్కాలు నేర్పలేకపోయారు. ఆ ఓటమి ఆయనకు గుర్తుండిపోయినట్టుంది. రిటైరయ్యాక, నాకు యాభై దాటాక, మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి కంప్యూటర్.

మాది దుత్తలూరు వైపు మెట్ట ఊరు. పదకొండు బోర్లు. ఒకడు లోతుకు దింపితే పక్కవాడిది ఎండుతుంది, ఆపైన కొట్లాట. ఎవరో ఒక సంస్థవాళ్ళు బోర్లకు నీటిమట్టం కొలిచే మీటర్లు బిగించి పోయారు. కొలతలు నేరుగా ఇంటర్నెట్‌లో వాళ్ళ క్లౌడ్‌కు పోతాయి, ఊరికి మాత్రం రావు. అయ్యవారు నా జిరాక్స్ షాపులో కూర్చుని కంప్యూటర్‌కు పని చెప్పే స్క్రిప్ట్ ఒకటి రాశారు. రోజూ పొద్దున ఆరింటికి అది తనంతట తానే లేచి, క్లౌడ్‌ను అడిగి, పదకొండు మట్టాలూ నా ప్రింటర్‌లో కొట్టేది. ఆ కాగితం పాలకేంద్రం గోడకు అంటించేవాణ్ణి. ఎవరు ఏరోజు మోటారు వెయ్యాలో దాన్నిబట్టి ఊరు ఒప్పుకునేది. రెండేళ్ళు ఎవరూ కొత్త బోరు మాటెత్తలేదు.

“మధ్యలో డ్రైవర్ అని ఇంకో ప్రోగ్రాం ఏంది అయ్యోరా?” అని ఒకసారి అడిగాను.

“నువ్వడిగింది క్లౌడ్‌కు అర్థమయ్యేట్టు చెప్పి, అదిచ్చింది నీకు పట్టికలాగా తెచ్చిపెట్టేదిరా.”

“అంటే పెళ్ళిళ్ళ పేరయ్య.”

“అట్నే అనుకో. ఇది అబద్ధాలాడదు, అంతే తేడా.”

ఉన్న డేటా అంతా తెప్పించబోతే నా చెయ్యి పట్టుకునేవారు. “బోరు పేరు, తేదీ, మట్టం. చాల్రా. చుట్టాలింటికి పోయి బీరువా తెరవమంటామా?”

పదిహేను రోజులకోసారి క్లౌడ్ లాగిన్ ఫోన్‌కొచ్చే కొత్త కోడ్ అడిగేది. మావాళ్ళు ఫోన్ నంబర్లు చొక్కాల్లా మారుస్తారని అయ్యవారు తన నంబరే ఇచ్చారు. కోడ్ రాగానే ఫోన్ చేసి, ఒక్కో అంకె చెప్పి, తిరిగి చెప్పించుకునేవారు. “ఇంకోసారి చెప్పు. నీ తొమ్మిదిని నేను నమ్మనురా.”

ఆయన పోయిన రోజు ఆ ఫోన్ తలవైపు బల్లమీదే ఉంది. సిమ్ తీయొద్దని ఒక్కమాట చెబుదామనుకున్నాను. అమ్మగారు పక్కనే కూర్చుని ఉన్నారు. చావింట్లో ఫోన్ సంగతి ఎట్లా ఎత్తుతాం? మీరైనా ఎత్తరు. ఉత్తరక్రియల రోజు చూద్దాంలే అని వచ్చేశాను.

ఆరోజు పోతే కొడుకే ముందు చెప్పాడు. “ఫోన్లు వస్తానే ఉండాయన్నా. మోగినప్పుడల్లా అమ్మ ఏడస్తా ఉండాది. నంబరు తీసేయించినాను.”

“మంచిపని చేసినావు నాయనా,” అన్నాను.

ఆ నంబరు మళ్ళీ రాదని ఫోన్ కంపెనీవాళ్ళు అన్నారు. కోడ్ లేనిదే లాగిన్ తెరుచుకోదు. మీటర్లు పెట్టినవాళ్ళు ఫోన్ ఎత్తరు. రెండేళ్ళ నీళ్ళ లెక్క అక్కడెక్కడో భద్రంగానే ఉంది, మాకు మాత్రం లేదు.

నిన్న వింజమూరు నుంచి బోరు లారీ వచ్చింది. వద్దని అడ్డం పోయాను. “ఎవరి బోరులో ఇవాళ ఎంత ఉండాదో కాగితం చూపీ, ఆపిస్తా,” అన్నాడు పిలిపించిన రైతు. న్యాయమైన మాటే. చూపేందుకు నా దగ్గరేమీ లేదు. పన్నెండో బోరు దిగుతోంది.

స్క్రిప్ట్ ఆపడానికి నాకు చేతులు రాలేదు. ఆరింటికి అది ఇప్పటికీ లేస్తుంది, అడుగుతుంది, ఒట్టిచేతులతో తిరిగొస్తుంది. అట్లాంటప్పుడు అచ్చువెయ్యమని అయ్యవారే తెలుగులో రెండు ముక్కలు రాసిపెట్టారు. ఇవాళ పొద్దున కూడా ప్రింటర్ ఆ కాగితమే బయటికి తోసింది:

‘ఈ పూట నీళ్ళ సంగతి తెలియలేదు. అయ్యవారికి ఫోన్ చెయ్యండి.’